బూడిదలో నుండి లేచిన ప్రార్థన
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినమున చరిత్రలో జరిగిన ఒక సంగతిని మీ ముందుంచాలని ఆశపడుతున్నాను. ఒక దేశము కన్నీళ్లలో మునిగినప్పుడు దేవుని సంఘము ఏమి చేయాలి? ఏమి మాట్లాడాలి? ఈ ప్రశ్నకు ఇంగ్లాండులోని కోవెంట్రీ అనే పట్టణము తన బూడిదలో నుండి ఒక జవాబు ఇచ్చింది.

అది 1940వ సంవత్సరము నవంబరు 14వ తేదీ, గురువారము. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుతున్న రోజులు. కోవెంట్రీ కార్మికుల పట్టణము. సైకిళ్లు, మోటారు కార్లు, విమానపు ఇంజన్లు తయారుచేసే కార్ఖానాలు అక్కడ ఉన్నాయి. ఆ రాత్రి నిండు వెన్నెల. సాయంత్రము ఏడు గంటలు దాటగానే జర్మనీ విమానములు వచ్చాయి. దాదాపు 500 విమానములు గుంపులు గుంపులుగా తెల్లవారేవరకు బాంబులు కురిపించాయి. ఆ ఒక్క రాత్రిలో 568 మంది మరణించారు. నాలుగు వేలకు పైగా ఇండ్లు నాశనమయ్యాయి.

పట్టణము నడిబొడ్డున పరిశుద్ధ మిఖాయేలు కెథెడ్రల్ ఉంది. ఎన్నో తరముల వారు మోకరించిన పాత దేవాలయమది. ఆ రాత్రి దాని పైకప్పు మీద కాపలా ఉన్నది నలుగురే. ఒకరు ఆ దేవాలయ ప్రధాన గురువైన ప్రొవోస్టు రిచర్డ్ హోవర్డ్. మరొకరు వయసు మళ్లిన రాతిపని మేస్త్రి జాక్ ఫోర్బ్స్. మిగిలిన ఇద్దరు యౌవనస్థులు. నిప్పు బాంబులు పడినకొద్దీ ఇసుక చల్లారు, నీళ్లు పోశారు. అయితే ఒకటి ఆర్పితే నాలుగు పడుతున్నాయి. అగ్నిమాపక దళము వచ్చింది గాని, గొట్టాలు పగిలి నీళ్లు ఆగిపోయాయి. లోపలినుండి సిలువను, కొవ్వొత్తి స్తంభములను, మరి కొన్ని వస్తువులను మాత్రము బయటికి తేగలిగారు. తరువాత బయట నిలబడి, తమ దేవాలయము కాలిపోతుండగా చూడటము తప్ప వారికి వేరే దారి లేకపోయింది. తెల్లవారేసరికి గోడలు, ఎత్తయిన గోపురము మాత్రము మిగిలాయి.

ప్రియులారా, ఆ తరువాత జరిగిన మూడు సంగతులను గమనించండి.

మొదటిది, ఏడ్చేవారి దగ్గరకు వెళ్లడము. బాంబులు పడిన రెండవ రోజునే, అనగా నవంబరు 16న, రాజు ఆరవ జార్జి ఆ పట్టణానికి వచ్చాడు. రాళ్లగుట్టల మధ్య కాలినడకన తిరిగాడు. ఆయన రాకతో చనిపోయినవారు లేచి రాలేదు. కూలిన ఇండ్లు నిలబడలేదు. అయినా మన బాధ చూడటానికి ఒకరు వచ్చారన్నది దుఃఖములో ఉన్నవారికి చిన్న సంగతి కాదు. లాజరు సమాధి దగ్గర మన ప్రభువు ఏమి చేశాడో జ్ఞాపకము చేసికొనండి. తాను కొద్దిసేపటిలో అతనిని లేపబోతున్నానని తెలిసి కూడ, మార్త మరియల ప్రక్కన నిలిచి కన్నీళ్లు విడిచాడు. ఏడ్చేవారితో కలిసి ఏడవమని అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయములో మనకు బోధించాడు. వారికి ఉపన్యాసము చెప్పమని ఆయన అనలేదు. మనమైతే చాలాసార్లు దుఃఖపు ఇంటికి వెళ్లి, ఇది ఎందుకు జరిగిందో వివరించబోతాము. యోబు స్నేహితులు నోరు తెరవనంత కాలము మంచి స్నేహితులుగానే ఉన్నారు!

రెండవది, సమాధి దగ్గర కలిగిన ఐక్యత. నవంబరు 20న, మరల 23న, చనిపోయిన వందల మందిని ఒకే స్థలములో పాతిపెట్టారు. అనేకుల శరీరములు గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నాయి. కార్ఖానా యజమాని ఎవరో, కూలివాడు ఎవరో, ఎవరు ఏ సంఘమునకు చెందినవారో ఆ పొడవాటి గుంటలలో వేరుచేసేది లేదు. ఆ సమయమున కోవెంట్రీ బిషప్పు మెర్విన్ హేగ్ ప్రజలను ఒక తీర్మానమునకు పిలిచాడు. మనము కలిసి ఈ శ్రమను అనుభవించాము, ఈ దినమున కలిసి ఇక్కడ నిలబడ్డాము గనుక, ఇకమీదట ఒకరికొకరు మరి మంచి స్నేహితులుగా, మంచి పొరుగువారిగా ఉంటామని దేవుని యెదుట మ్రొక్కుకొందాము అన్నాడు. చూశారా? శత్రువును తిట్టడానికి ఆ సమయమును వాడుకోలేదు. మిగిలినవారు ఎలా బ్రదకాలో దాని మీదికి వారి మనస్సులను త్రిప్పాడు.

మూడవది అన్నిటికంటె కష్టమైనది. కూలిన దేవాలయములో కాలిన రెండు దూలములు సిలువ ఆకారములో కనబడగా, జాక్ ఫోర్బ్స్ వాటిని తీగతో కట్టి నిలబెట్టాడు. మరొక గురువు, ఆర్థర్ వేల్స్, పాత పైకప్పునుండి రాలిన మూడు పెద్ద మేకులను కలిపి సిలువగా చేశాడు. దానికే మేకుల సిలువ అని పేరు. ఆ సంవత్సరము క్రిస్మస్ దినమున, ఆ శిథిలముల మధ్యనుండి హోవర్డ్ గారు బి.బి.సి. రేడియోలో దేశమంతటితో మాట్లాడారు. ఎంత కష్టమైనా పగతీర్చుకోవాలనే తలంపును మనస్సులో నుండి తోసివేయడానికి ప్రయత్నిస్తున్నామనియు, యుద్ధము ముగిసిన తరువాత మరి దయగల లోకమును, బాలయేసు స్వభావమునకు దగ్గరగా ఉండే లోకమును కట్టడానికి ప్రయత్నిస్తామనియు చెప్పారు.

పూడ్చిన మట్టి ఇంకా ఆరకముందు పలికిన మాటలివి! యుద్ధము ఇంకా నాలుగు సంవత్సరములకు పైగా సాగింది. 1941 ఏప్రిల్‌లో అదే పట్టణము మీద మరల బాంబులు పడి, నాలుగు వందలకు పైగా మనుష్యులు చనిపోయారు. క్షమాపణ అంటే పాపమును పాపము కాదనడము కాదు. గాయము లేనట్టు నటించడము కాదు. గాయము నొప్పి పెడుతుండగానే, పగను దేవుని చేతికి అప్పగించడము.

1948లో ఆ పాత బలిపీఠము వెనుక గోడ మీద రెండు మాటలు చెక్కించారు: “తండ్రీ, క్షమించుము.” లూకా సువార్త 23వ అధ్యాయములో సిలువ మీద మన ప్రభువు చేసిన ప్రార్థన మీకు తెలిసినదే. ఆయన తనను చంపుతున్నవారి కొరకు ప్రార్థించాడు. అయితే ఆ గోడ మీద “వీరిని” అనే మాట లేదు. మరచిపోయి విడిచిపెట్టలేదు, తెలిసే విడిచిపెట్టారు. ఎందుకంటే అందరును పాపము చేసినవారే, క్షమాపణ అందరికిని కావలసినదే. ప్రభువు నిర్దోషి గనుక “వీరిని” అనగలిగాడు. మనమైతే ఆ గుంపులోనే ఉన్నాము.

చరిత్ర కూడ దీనికి సాక్ష్యమిస్తుంది. 1945 ఫిబ్రవరిలో బ్రిటను, అమెరికా విమానములు జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణము మీద బాంబులు వేయగా, దాదాపు 25,000 మంది మరణించారు. అక్కడి గొప్ప దేవాలయమైన ఫ్రాయెన్‌కిర్కె కూలిపోయింది. కోవెంట్రీ తల్లులు ఏడ్చినట్టే డ్రెస్డెన్ తల్లులును ఏడ్చారు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1947లో జర్మనీలోని కీల్ పట్టణమునకు కోవెంట్రీవారు ఒక మేకుల సిలువను ఇచ్చారు. 1962 మే 25న పాత శిథిలముల ప్రక్కనే క్రొత్త కెథెడ్రల్ ప్రతిష్ఠించబడింది. శిథిలములను తీసివేయక, జ్ఞాపకార్థముగా అలాగే ఉంచారు. క్రొత్త దేవాలయములో వేర్వేరు సంఘములవారు కలిసి ప్రార్థించుటకు ఐక్యతా ప్రార్థనాలయమును కట్టారు. 1965లో కోవెంట్రీనుండి బ్రిటిషు యౌవనస్థులు డ్రెస్డెన్ వెళ్లి, బాంబులకు కూలిన డీకనెస్సుల ఆసుపత్రిని తిరిగి కట్టుటలో తమ చేతులతో పనిచేశారు. ఫ్రాయెన్‌కిర్కె తిరిగి కట్టబడి 2005 అక్టోబరు 30న ప్రతిష్ఠించబడినప్పుడు, దాని శిఖరము మీద ఉన్న బంగారు సిలువ బ్రిటనువారి కానుక. దానిని చేసిన కంసాలి తండ్రి, డ్రెస్డెన్ మీద బాంబులు వేసిన విమానికులలో ఒకడు! తండ్రి నిప్పు కురిపించిన చోట కుమారుని చేతిపనియైన సిలువ నిలిచింది.

ప్రియ శ్రోతలారా, ఇప్పుడు మన సంగతి ఏమిటి? ఒక ఘోరము జరిగిందని వార్త వినగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న ఏది? “చనిపోయినవారు ఎవరు, మనవాళ్లేనా?” అని కాదా? మనవాళ్లు కాకపోతే గుండె తేలికపడుతుంది. కన్నీటికి కులము, మతము, భాష అడిగే మనము, సమరయుని ఉపమానమును ఎన్నిసార్లు విన్నాము! అలాగే ఒకే సంఘములో, శవము ప్రక్కన కలిసి కూర్చుండి ఏడ్చిన అన్నదమ్ములు, నలభై రోజులు తిరగకముందే ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టెను తీసికొనలేకపోతున్నారు. దుఃఖము మనలను ఒకచోటికి చేర్చగలదు గాని, ఒకటిగా నిలపలేదు. మనలను నిలిపేది సిలువ మాత్రమే. అందుకే ఈనాటికి ప్రతి శుక్రవారము మధ్యాహ్నము పన్నెండు గంటలకు కోవెంట్రీలో ఆ క్షమాపణ ప్రార్థన చేస్తారు. ఒకసారి క్షమించి ఊరకుండలేదు. వారమువారము మరల నేర్చుకొనుచున్నారు.

ఈ వారములో రెండు పనులు చేయండి. దుఃఖములో ఉన్న ఒక ఇంటికి, వారు మీవారు కాకపోయినా, వెళ్లి కూర్చుండండి. మీకు పడని ఒకరి పేరు దేవుని సన్నిధిలో పలికి, “తండ్రీ, వానిని క్షమించుము” అనక, “తండ్రీ, మమ్మును క్షమించుము” అని ప్రార్థించండి.

ప్రార్థన చేసికొందాము. కనికరముగల తండ్రీ, ఏడ్చే ప్రతి ఇంటిని ఆదరించుము. పగ నిండిన మా హృదయములను కడుగుము. కూలిన చోటనే కట్టే కృపను మాకు దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.