కోడిపోరును కారెంపూడి పోరును: ఆటపై మోపిన నిందను గూర్చి

ఒక ఊరిలో ఘోరము జరిగినపుడు దానికి కారణమును వెదకుట సహజము. ఆ కారణము తమ యింటికిని తమ కొలువునకును దూరముగా దొరకవలెనని వెదకువారు కోరుటయు సహజమే. నేడు ఒక బాలుడు తోటిబాలుని గాయపరచెనని విన్నంతనే, అతని సెల్‌ఫోనులో ఏ వీడియో గేము ఉన్నదని మొదట అడుగుచున్నారు. తెరమీద తుపాకులతో కాల్చుకొను బొమ్మలాటయే నిజమైన హత్యకు గురువని నమ్మువారు పెక్కురు. ఈ నమ్మిక ఎంతవరకు నిలుచునో పరిశీలించుట మా యుద్దేశము. ఇందులకు పాశ్చాత్యుల ప్రయోగశాలలనుండి మొదలుపెట్టనక్కరలేదు. ఒక ఆటయే మహాయుద్ధమునకు కారణమని చెప్పుకొను కథ మన దేశముననే కలదు. అది పల్నాటి కోడిపోరు.

పల్నాటి యుద్ధము క్రీ.శ. 1182 ప్రాంతమున జరిగినదని చరిత్రకారుల యభిప్రాయము. దానిని ద్విపదగా రచించినవాడు శ్రీనాథుడని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని ప్రకటించినది మొదలు విద్వాంసుల దృష్టి ఈ గ్రంథముపై నిలిచినది. అంతకుముందును తరువాతను కూడ ఈ కథ వీరవిద్యావంతుల గానమున బ్రతికినది. 1982లో జీన్ రోఘేర్ అను అమెరికా పరిశోధకుడు ఆ గానసంప్రదాయమునే ఆధారముగా గొని ఆంగ్లమున ఒక గ్రంథము వెలువరించెను.

కథ పాఠకులకు తెలిసినదే. మా వాదమునకు కావలసినంత మాత్రము స్మరింతుము. హైహయ వంశీయుడైన అనుగురాజు వెలనాటి చోడుల యల్లుడై పల్నాటిని పొందెను. అతనికి పెక్కురు భార్యలు. ఒక భార్య కుమారుడు నలగామరాజు గురజాలను, మరియొక భార్య కుమారుడు మలిదేవరాజు మాచెర్లను ఏలిరి. గురజాల పక్షమున మంత్రిణి నాగమ్మ, మాచెర్ల పక్షమున మంత్రి బ్రహ్మనాయుడు. ఇరువురును కోడిపోరు పెట్టిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని పందెము. బ్రహ్మనాయుని కోడి ఓడెను. అందు మోసము జరిగెనని కథకులందురు. మలిదేవాదులు వలసపోయిరి. గడువు తీరినపిదప తమ భాగము తమకిమ్మని అలరాజును రాయబారిగా పంపిరి. అతడు నలగామునికి అల్లుడే. అయినను విషప్రయోగమునకు గురియై మరణించెను. పిమ్మట నాగులేటి యొడ్డున కారెంపూడిలో రణము జరిగెను.

‘కోడిపందెముచే పల్నాడు నాశనమైనది’ అను మాట నేటికిని వినవచ్చుచున్నది. పాఠశాలలలో బాలురకు జూదము కూడదని చెప్పునపుడు భారతములోని పాచికలతోపాటు ఈ కోడులనుగూడ ఉపాధ్యాయులు ఉదాహరింతురు. కథను కాలక్రమమున పరిశీలించినచో ఈ మాట నిలువదు. రాజ్యవిభాగము పందెమునకు ముందే జరిగినది. నాగమ్మకును బ్రహ్మనాయునికిని గల వైరమును ముందటిదే. చాపకూడు పెట్టి కులభేదమును సడలింపజూచిన బ్రహ్మనాయుని చర్యలు ప్రతిపక్షమునకు కంటగింపైనవని పెక్కుమంది విమర్శకులు వ్రాసియున్నారు. పందెము నాటికే ఒకరినొకరు పల్నాటినుండి తొలగింపగోరుచుండిరి. లేనియెడల ఒక కోడి గెలుపోటములకు ఒక రాజ్యమును ఫణముగా పెట్టుట సంభవించునా?

ఇంతకన్న ముఖ్యమైన విషయ మొకటి కలదు. పోరు ముగిసిన మరునాడు యుద్ధము రాలేదు. ఏడేండ్లు గడచినవి. ఓడినవారు మోసపోయితిమని తలచుచునే పందెపు మాటకు కట్టుబడి అడవుల పాలైరి. ఆ యేడేండ్లును ఆట యొక్క నియమము చెల్లినది. గెలిచినవారు గడువు తీరినను రాజ్యమును తిరిగి యీయకపోవుటయు, రాయబారిని చంపించుటయు జరిగినపుడే కత్తులు పైకివచ్చినవి. అనగా ఆట నియమమును పాటించినంతకాలము శాంతి యుండెను. ఆ నియమమును రాజులు ఉల్లంఘించినపుడు రణము పుట్టెను. కథలోని ఈ వరుసను గమనింపక, కోడిని నిందించుట రాజులకు మేలు చేయుటయే యగును.

బాలచంద్రుని బొంగరముల ఘట్టమును ఇచట తలపవలెను. తల్లి ఐతాంబ యుద్ధవార్తను కుమారునికి తెలియనీయలేదు. అతడు తోడివారితో బొంగరములాడుచుండగా ఒకటి తగిలి ఒక స్త్రీ నొచ్చుకొని, నీ పరాక్రమము కారెంపూడిలో చూపుమని దెప్పెను. అతనిని రణమునకు పంపినది ఆ దెప్పుమాట, బొంగరము కాదు. ఆడుకొనుచున్నంతసేపు ఆ బాలుడు క్షేమముగా నుండెను.

ఆటచే హింస పుట్టునను వాదమునకు కారెంపూడియే మరియొక పరీక్ష. అచట కార్తిక అమావాస్య మొదలు ఐదునాళ్లు వీరారాధనోత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల ఆయుధములకు పూజ చేయుదురు, పోరును అభినయింతురు, వీరావేశమున కొందరు నేలకొరగుదురు. ప్రతివర్షమును యుద్ధమును ఆడిచూపుచున్న యీ సంప్రదాయముచేత ప్రతివర్షమును యుద్ధము రాలేదు గదా. గుడవల్లి రామబ్రహ్మముగారు ప్రారంభింపగా ఎల్.వి.ప్రసాదుగారు పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ చలనచిత్రము 1947లో వెలువడినది. 1966లో మరియొకటి వచ్చినది. వానిని చూచి జనులు కన్నీరు పెట్టిరే కాని కత్తి పట్టలేదు. 2024 మే నెలలో ఎన్నికల సందర్భమున పల్నాటి జిల్లాలో దౌర్జన్యములు చెలరేగినపుడు దానిని ‘పల్నాటి పౌరుషము’ అని వర్ణించుట సులభము. పోలింగు కేంద్రముపై పడినవాని నెవరు ప్రేరేపించిరని అడుగుట కష్టము. కావ్యమునకు నింద అంటగట్టినచో అడుగవలసిన పని తప్పును.

ఇక కృష్ణ వెంబడి దిగువకు, విజయవాడకు వత్తము. చెన్నపట్టణము, కలకత్తాల నడిమి రహదారియు బందరు రోడ్డును కలిసికొను కూడలియే బెంజ్ సర్కిల్. అచటినుండి తూర్పుగా పోయినచో పటమట, ఆటోనగరు, కానూరు. లారీల మరమ్మతులకు పేరుపడిన ఆటోనగరునకును, ఇంజనీరింగు కళాశాల గల కానూరునకును నడుమ దూరము కొలదిపాటిదే. గత శతాబ్దపు ఏడవ, ఎనిమిదవ దశకములలో ఈ నగరమున సాగిన ముఠాకక్షల చరిత్రకు రవాణా కార్మికసంఘములును విద్యార్థిసంఘములును రెండు కన్నులవంటివి. కార్మికుల నెవరు కూడగట్టుదురు, కళాశాలలో నెవరి మాట చెల్లును అనునవే ఆ పోరునకు మూలములు. 1974లో వంగవీటి రాధా, 1979లో దేవినేని గాంధీ, 1988లో దేవినేని మురళి హతులైరి. 1988 డిసెంబరు 26న నిరాహారదీక్షలో నున్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావు హత్యకు గురియయ్యెను. తరువాతి దినములలో నగరము తగులబడినది, కర్ఫ్యూ విధింపబడినది, కృష్ణా మండలమంతయు అట్టుడికినది.

1989 అక్టోబరు 5న ‘శివ’ చలనచిత్రము విడుదలయ్యెను. దర్శకుడు రామగోపాలవర్మ పైని పేర్కొన్న కానూరులోని సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. కథానాయకుడు సైకిలు గొలుసును తెంచి ప్రత్యర్థులను కొట్టు దృశ్యము యువకులను ఉఱ్ఱూతలూగించెను. వెంటనే నిందయు వచ్చెను: ఈ చిత్రము విద్యార్థులకు గొలుసుపట్టుట నేర్పినదని. పై తేదీలను ఈ తేదీతో పోల్చి చూడుడు. హత్యలన్నియు ముందు, చిత్రము వెనుక. విద్యార్థిసంఘములను ముఠాలు చేజిక్కించుకొన్న సంగతిని చిత్రము విజయవాడనుండి నేర్చినది గాని విజయవాడ చిత్రమునుండి నేర్వలేదు. ఒకానొక పడుచువాడు ఆ దృశ్యమును అనుకరించి గొలుసు పట్టియుండవచ్చును. అది కొట్టు పద్ధతిని మార్చినదనుట న్యాయము. కొట్టవలెనను తలంపు మాత్రము అంతకుముందే వీధిలో నుండినది. అద్దము పగులగొట్టినచో ముఖముపైని మచ్చ పోవునా?

ఆ కాలమున తెలుగువారి యిండ్లలో వీడియో గేము లేదు. 1972 నాటి ప్రత్యేకాంధ్రోద్యమమున ఇదే నగరమున పోలీసు కాల్పులు జరిగినపుడు ‘శివ’యు లేదు. తెరమీది తుపాకి చేతికందుటకు పూర్వమే బెజవాడ చూడవలసిన రక్తమును చూచినది.

నేటి బెంజ్ సర్కిల్ పైవంతెనల నీడలో బస్సుకొరకు నిలిచిన విద్యార్థుల చేతిలో సెల్‌ఫోనుండును. 2018లో వెలువడిన పబ్జీ మొబైలు అను ఆట వారిలో పెక్కురకు పరిచితము. దానిని 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము నిషేధించినది. హింసను బోధించుటచేతనే నిషేధించిరని మాకు తెలిసిన అధ్యాపకులే చెప్పుచుందురు. అది సరికాదు. చైనా సరిహద్దు వివాదసమయమున, దేశ సార్వభౌమత్వమునకును సమాచారభద్రతకును భంగకరములని 118 మొబైలు అప్లికేషనులను ఒక్కసారిగా నిషేధించిరి, అందిది యొకటి. 2021 జూలైలో అదే యాట భారతదేశపు పేరుతో మరల వెలువడినది. ప్రభుత్వము చెప్పని కారణమును లోకము తానే కల్పించుకొని నమ్మినదన్నమాట.

పాశ్చాత్యదేశములలో ఈ చర్చ అంతకుముందే ముదిరినది. 1999లో అమెరికాలోని కొలంబైన్ పాఠశాలలో ఇరువురు విద్యార్థులు కాల్పులు జరిపినపుడు ‘డూమ్’ అను ఆటపై నింద పడెను. హింసాత్మకములైన ఆటలను బాలురకు అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన శాసనమును 2011లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది. అక్కడి మనశ్శాస్త్రజ్ఞుల సంఘము 2015లో ఈ ఆటలకును కలహస్వభావమునకును కొంత సంబంధము కలదని తీర్మానించినది. 2020లో ఆ తీర్మానమును సవరించుచు, కేకలు, త్రోపులాటలవంటి వానికే ఆ సంబంధము పరిమితమనియు, హత్యలవంటి ఘోరములకు ఆటలను కారణముగా చూపుట శాస్త్రసమ్మతము కాదనియు హెచ్చరించినది. 2019లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు బ్రిటిషు బాలబాలికల విషయమున ఆ కొలదిపాటి సంబంధమును గూడ కనుగొనజాలకపోయిరి. ఆటకు బానిసయగుట వేరు విషయము. దానిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో రుగ్మతలలో చేర్చినది. నిద్ర చెడి, చదువు చెడి కుమిలిపోవు బాలుని బాధను మేము తేలికచేయుటలేదు. అయితే అది అతనికి కలుగు హాని. అతడు పరులకు చేయు హాని కాదు.

మన దేశపు లెక్కలు చూడుడు. గత శతాబ్దపు తొమ్మిదవ దశకము తరువాతి తొలి యేండ్లలో దేశమున ఏటేట హత్యలు నలుబదివేలకు చేరువగా నుండినవి. సెల్‌ఫోను ఆటలు పల్లెపల్లెకు ప్రాకిన పిమ్మట, 2019లో 28,918; 2022లో 28,522. జనాభా మాత్రము పెరిగినది. ఆటలచేత హత్యలు తగ్గినవని మేమనము. అట్లనుట ఎదుటివారి తర్కదోషమునే మరియొక వైపునుండి చేయుట. ఆట హంతకులను తయారుచేయుచున్నదను వాదమునకు మాత్రము ఈ లెక్కలు తోడ్పడవు.

ఆటలో దోషమే లేదా? పల్నాటి కథలోనే సమాధానము కలదు. దోషము కోడిలో లేదు, పందెములో కలదు. డెల్టా గ్రామములలో సంక్రాంతికి బరులు కట్టి, కోడికాళ్లకు కత్తులు కట్టి, లక్షలు చేతులు మారునపుడు ఇండ్లు గుల్లయగుట ఎల్లరు ఎరిగినదే. 1960 నాటి జంతుహింసా నివారణ శాసనమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదశాసనమును ఉన్నవి. ఆ నిషేధమును అమలుపరుపవలెనని హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము 2016 డిసెంబరులో ఆజ్ఞాపించినది. అయినను పండుగ మూడునాళ్లు బరుల చుట్టును పెద్దమనుష్యులకు కుర్చీలు వేయుచునే యున్నారు. 1967లో రమ్మీ పేకాటను గూర్చి మన రాష్ట్రమునుండి వెళ్లిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము అది ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని నిర్ణయించినది. అదే రమ్మీ ధనముతో సెల్‌ఫోనులోనికి ప్రవేశించి అప్పులపాలు చేయుచుండగా 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జూదశాసనమును సవరించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన శాసనము ధనమొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించి, పోటీక్రీడలుగా ఆడు వీడియో గేములను వేరుగా గుర్తించినది. తెరమీది తుపాకిని వదలి తెరవెనుకటి ధనమును పట్టుకొనుట ఆ శాసనమునందలి వివేకమని మా యభిప్రాయము.

ఒక విషయము ఇంకను తేలవలసియున్నది. ఏడేండ్ల ప్రవాసమును పందెముగా పెట్టవలెనని మొదట ప్రతిపాదించినది ఏ పక్షము? శ్రీనాథుని పేర వెలసిన ద్విపదను, వీరవిద్యావంతుల నోట నిలిచిన పాఠములను ఈ యొక్క ప్రశ్నను దృష్టియందుంచుకొని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెను. కారెంపూడి ఉత్సవమున కోడిపోరు నాటి రాత్రి పాడబడు భాగమును ఆసాంతము వ్రాసికొనుట అందులకు మొదటి పని. పరిశోధక విద్యార్థులు దీనికి పూనుకొందురుగాక.