కన్వేయరు బెల్టు: నిలువ, సంరక్షణము

గనులలో బొగ్గును, సిమెంటు కర్మాగారములలో సున్నపురాతిని, రేవులలో ఇనుపఖనిజమును ఎడతెగక మోయుచుండెడి రబ్బరు పట్టాయే కన్వేయరు బెల్టు. నూలు, నైలాను, పాలియెస్టరు నేతపొరలు గాని ఉక్కుతీగలు గాని దీనికి జీవగఱ్ఱ. పైని, క్రిందను గల రబ్బరుపొరలు కవచము. యంత్రముపై పనిచేయునపుడు కలుగు అరుగుదల యెల్లరకు కనబడును గాని, గిడ్డంగిలో మాసములకొలది ఊరక పడియున్నపుడు వాటిల్లు క్షయము కంటబడదు. అందుచేతనే అది యెక్కువ ప్రమాదకరము.

రబ్బరునకు పరమశత్రువు ఓజోను. విద్యుత్ మోటార్లు, వెల్డింగు యంత్రములు దానిని పుట్టించును గాన వాని చెంత బెల్టుచుట్ట నుంచరాదు. ఎండయు, అధికోష్ణమును రబ్బరును గట్టిపరచి పగుళ్లు పుట్టించును. నూనె, గ్రీజు దానిని ఉబ్బించి మెత్తబరచును. కోసిన అంచులగుండ జొచ్చిన తేమ నూలును కుళ్లించును, ఉక్కుతీగలకు త్రుప్పు పట్టించును. కావున చల్లని, పొడియైన చీకటిగది శ్రేష్ఠము. ఆరుబయట నుంచక తప్పనిచో వెలుగు చొరని టార్పాలిను కప్పవలయును.

చుట్టను ఎన్నడును ప్రక్కవాటుగా పరుండబెట్టరాదు. అట్లు చేసినచో భారమంతయు ఒక్క అంచుపై బడి, ఆ అంచు సాగి, బెల్టు వంకర తిరుగును. అటుపిమ్మట అది రోలర్లపై తిన్నగ నడవక, ప్రక్కకు జరుగుచు, సరకును ఒలుకబోయును. నడిరంధ్రమున ఇరుసు దూర్చి వ్రేలాడదీయుట ఉత్తమము. అది సాధ్యము కానిచో చుట్టను చెక్కదిమ్మెలపై నిలువుగా నుంచి, కొలది మాసముల కొకసారి దొర్లించి, బరువు మోయుచోటును మార్చుచుండవలయును. ఈ విషయమున అంతర్జాతీయ మార్గదర్శక ప్రమాణము ఐఎస్ఓ 5285.