మంద రాకముందు పులి

హనుమకొండ నుంచి భూపాలపల్లి దారిలో రేగొండ దాటితే పాండవుల గుట్టలు. అక్కడి రాతి చరియల కింద ఉన్న బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింకల సరసన పులి, చిరుత కూడా కనిపిస్తాయి. కత్తులూ బల్లేలూ ఉన్నాయి కనుక అన్నిటినీ ఒకే కాలానికి కట్టలేం. దున్నను గీశారంటే తిండి కోసం అనుకోవచ్చు. పులిని ఎందుకు గీసినట్టు? దాని నడకా వేటా రోజూ గమనించకపోతే బతుకు సాగదు కనుక అని నాకనిపిస్తుంది.

బొమ్మలు చెప్పనిది ఎముకలు చెబుతాయి. కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1844లో న్యూబోల్డ్ లోకానికి తెలిపాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వారు. దొరికిన ఎముకలను లైడెక్కర్ పరిశీలించి 1886లో పట్టిక వేశాడు: పులి, చిరుత, హైనా, ఖడ్గమృగం. అదే సీమలోని ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాల్లో సుమారు 17 వేల ఏళ్ళనాటి పొయ్యి బయటపడింది. మనిషికీ మృగానికీ నీడ కావలసింది ఆ గవుల్లోనే. నిప్పు ఉన్నవాడికి రాత్రిపూట కాస్త ధీమా, అంతే.

అంతకు చాలా ముందు ఆ ధీమా కూడా లేదు. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్‌లో దొరికిన ఒక ఆదిమ పిల్లవాడి పుర్రెకు రెండు చిల్లులున్నాయి. అవి చిరుత కోరలకు సరిగ్గా సరిపోతాయని సి.కె. బ్రెయిన్ చూపించాడు. జర్మనీలోని సీగ్స్‌డోర్ఫ్‌లో కథ తిరగబడింది: 48 వేల ఏళ్ళ క్రితం నియాండర్తల్ మనిషి బల్లెంతో గుహసింహాన్ని పొడిచిన గుర్తు దాని పక్కటెముక మీద ఉంది. ఆ సింహాల జాతి తర్వాత అంతరించింది. మన దగ్గర అలా జరగలేదు. బిల్లసర్గం ఎముకలపై 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు ఉపఖండంలో నేటిదాకా నిలిచాయి. వేటగాళ్ళ కాలమంతా గడిచినా అవి మిగిలాయంటే, ఆనాటి మనిషి మృగాన్ని తుడిచిపెట్టే పని పెట్టుకోలేదనే నా లెక్క.

పులితో వైరం ముదిరింది పశువుల పెంపకంతోనే అనుకుంటాను. పాలమూరు సీమలోని ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్విన బూడిదదిబ్బ, అంటే పేడ కాలి పేరుకున్న దిబ్బ, నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. గిట్టల అచ్చులు, చుట్టూ పాతిన గుంజల గుంతలు అక్కడ బయటపడ్డాయి. అడవిలో జింకను పులి పట్టుకుపోతే ఎవడి సొమ్మూ పోదు. దొడ్లో దూడను పట్టుకుపోతే ఒకడి సొమ్ము పోయినట్టే.