రాజ్యాంగం చివరి పుటలు: 284 సంతకాల సాక్ష్యం

సారాంశం
భారత రాజ్యాంగంపై 1950 జనవరి 24న 284 మంది రాజ్యాంగ పరిషత్తు సభ్యులు సంతకాలు చేశారు. వాటిని నాటి సభా కార్యకలాపాల నివేదికతో కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి పదవుల హెచ్చుతగ్గులను సూచించవనీ, కోర్కెలు తీరకముందే సభ్యులు కట్టుబడిన తీరుకు సాక్ష్యాలనీ ప్రతిపాదిస్తుంది.

ఆమోదం, సంతకం
పరిషత్తు రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26నే ఆమోదించింది. 394వ అధికరణ ప్రకారం పౌరసత్వం, ఎన్నికలు వంటి అంశాలపై కొన్ని అధికరణలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి. మిగిలినవాటి అమలుకు 1950 జనవరి 26 తేదీని అదే అధికరణ నిర్ణయించింది. కాబట్టి జనవరి 24 నాటి సంతకాల ప్రాధాన్యాన్ని చట్టబలంలో కాక మరోచోట వెతకాలి. తీర్మానాన్ని ఆమోదించేది సభ. సంతకం చేసేటప్పుడు మాత్రం ఎవరి బాధ్యత వారిదే.

వరుసలోని అర్థం
ఆ రోజు బల్లపై మూడు ప్రతులు ఉంచారు: చేతిరాతతో, చిత్రాలతో తీర్చిన ఇంగ్లీషు ప్రతి, అచ్చయిన ఇంగ్లీషు ప్రతి, చేతిరాత హిందీ ప్రతి. సభ్యులు కూర్చున్న వరుసలోనే వచ్చి సంతకాలు చేయాలన్నది అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ఏర్పాటు. ప్రధాని నెహ్రూకు వేరే అధికారిక పని ఉండడంతో ఆయనను ముందుగా పిలిచారు. చేతిరాత ఇంగ్లీషు ప్రతిలో నెహ్రూ పేరుకు పైన, ఇరుకు చోటులో, కాస్త వాలుగా రాజేంద్రప్రసాద్ సంతకం కనిపిస్తుంది. దీన్ని ఇద్దరి మధ్య పోటీకి గుర్తుగా చెప్పేవారున్నారు. నెహ్రూను ముందు పిలిచింది స్వయంగా రాజేంద్రప్రసాదే అని నివేదిక చెబుతున్నందున ఆ వాదనకు ఆధారం లేదు. ముసాయిదా కమిటీ అధ్యక్షుడైన అంబేద్కర్ సంతకం కూడా తోటి సభ్యుల సంతకాల నడుమే ఉంది.

సంతకం చేయనివారు
తొలి ముసాయిదా సిద్ధం చేసిన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు పరిషత్తు సభ్యుడు కారు. అందువల్ల ఆయన సంతకం లేదు. సభ్యురాలైన సరోజినీ నాయుడు 1949 మార్చిలోనే కన్నుమూశారు. ఇంగ్లీషు ప్రతిని చేత్తో రాసిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా, పుటలను అలంకరించిన నందలాల్ బోస్ బృందం కూడా సంతకందారులు కారు. ఈ గ్రంథం వెనకున్న శ్రమ 284 పేర్లతో ముగిసిపోదు.

తెలుగు నేల నుంచి చూస్తే
పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి, ఎన్.జి.రంగా, అనంతశయనం అయ్యంగార్, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మద్రాసు రాష్ట్ర ప్రతినిధులుగా పరిషత్తులో ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం కోసం అప్పటికే దశాబ్దాలుగా ఆందోళన సాగుతోంది. అయినా మొదటి షెడ్యూలులో మద్రాసే తప్ప ఆంధ్ర పేరు లేదు. కోరిక తీరకపోయినా ఆంధ్ర నాయకులు రాజ్యాంగాన్ని కాదనలేదు. కొత్త రాష్ట్రాలను ఏర్పరచే అధికారం పార్లమెంటుకు ఇచ్చిన 3వ అధికరణ అందులో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ దారిలోనే.

తెలంగాణ స్థితి వేరు. హైదరాబాద్ సంస్థానం నుంచి పరిషత్తులో ప్రతినిధులెవరూ లేరు. 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత, 1949 నవంబరులో నిజాం ఫర్మానా ద్వారా సంస్థానం రాజ్యాంగాన్ని అంగీకరించింది. ఒకే భాష మాట్లాడే ప్రజల్లో ఒక భాగానికి ప్రతినిధుల సంతకాలున్నాయి. మరో భాగం తరఫున పాలకుడి ప్రకటన ఒక్కటే ఉంది. తెలంగాణ ప్రజలు వయోజన ఓటు హక్కుతో తమ ప్రతినిధులను ఎన్నుకున్నది తొలి సాధారణ ఎన్నికల్లోనే. ప్రసిద్ధ సంతకాల చరిత్ర రాసేటప్పుడు ఈ ఖాళీని కూడా నమోదు చేయాలి.

ముగింపు
ఎవరు ముందు, ఎవరు పైన అన్న ప్రశ్న ఈ పుటల విలువను తగ్గిస్తుంది. తమ కోర్కెలన్నీ నెరవేరిన పత్రంపై సంతకం చేయడం ఎవరికైనా సులువే. నెరవేరనివాటిని సాధించుకునే మార్గం ఇందులోనే ఉందని నమ్మి సంతకం చేసినవారు ప్రజాస్వామ్యానికి పునాది వేశారు. ఆంధ్ర రాష్ట్ర అవతరణ ఆ నమ్మకాన్ని నిజం చేసింది, అయితే పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాతే. రాజ్యాంగం దారి చూపుతుంది. ఆ దారిని సకాలంలో నడిచే బాధ్యత మాత్రం పాలకులది, పౌరులది.