లాడపు అయస్కాంతము ఏమైనది?

దిల్‌సుఖ్‌నగర్‌లో గాని ఎల్‌.బి.నగర్‌లో గాని ఒక ఇంటిలో అయస్కాంతములు ఎన్ని ఉన్నవని అడిగినచో, చాలామంది రిఫ్రిజిరేటరు తలుపును చూపి ఊరకుందురు. కాని సెల్‌ఫోను స్పీకరులో ఒకటి, ఇయర్‌ఫోనులలో చెరియొకటి, కంప్యూటరు హార్డు డిస్కులో మరియొకటి, విద్యుత్ స్కూటరు మోటారులో వరుసగా అనేకము ఉండును. (పాతరకపు సీలింగు ఫ్యానులో మాత్రము శాశ్వత అయస్కాంతము లేదు.) ఇన్ని ఉన్నను, పాఠ్యపుస్తకపు బొమ్మలోని లాడపు అయస్కాంతము వీటిలో దేనియందును కానరాదు.

సూదంటురాయి మనకు క్రొత్తది కాదు. దేహమున దిగబడిన ఇనుప ములికిని దానితో తీయు పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉన్నది. తరువాత వచ్చిన ఉక్కు అయస్కాంతములకు ఒక లోపముండెను. అయస్కాంతపు ధ్రువములు దాని లోపలనే వ్యతిరేక దిశలో ఒక క్షేత్రమును కలిగించి దానిని బలహీనపరచును. కడ్డీ ఎంత పొట్టిదైన ఈ హాని అంత హెచ్చు. కనుక కడ్డీని పొడవుగా చేసి, వంచి, ధ్రువములను దగ్గరకు తెచ్చి, వాడనప్పుడు వాటికి అడ్డముగా ఒక ఇనుప ముక్కను ఉంచెడివారు. లాడపు ఆకారము అందము కొరకు పుట్టలేదు.

1917లో జపానులో కోటారో హోండా కోబాల్టు ఉక్కును, 1931లో మిషిమా నికెలు, అల్యూమినియము కలిపిన ఇనుమును తయారు చేసిరి. అసలు మార్పు 1952లో వచ్చినది. హాలెండులోని ఫిలిప్స్ శాస్త్రజ్ఞులు ఇనుప ఆక్సైడును బేరియముతో కాల్చి, నల్లని పింగాణి వంటి ఫెర్రైటు అయస్కాంతమును ప్రకటించిరి. దీని బలము స్వల్పమే. కాని వ్యతిరేక క్షేత్రమునకు సులభముగా లొంగదు. కాబట్టి బిస్కత్తువలె పలుచగా చేయవచ్చును, పొడిచేసి రబ్బరులో కలుపవచ్చును.

పూర్వపు రిఫ్రిజిరేటరు తలుపులకు గొళ్ళెములుండెడివి. అమెరికాలో ఆటలాడుచు పాత పెట్టెలలో దాగిన పిల్లలు, లోపలినుండి తెరువలేక, ఊపిరాడక మరణించిరి. తలుపు లోపలినుండి తెరచుకొనవలెనని 1956లో అక్కడ శాసనము చేసిరి. తోసినంతనే విడిపోవు అయస్కాంతపు పట్టీ ఆ అవసరము తీర్చినది. ఫెర్రైటు చేసిన మేలులలో ఇదియే గొప్పది.

తరువాత 1960 దశకమున కార్ల్ స్ట్రనాట్ కృషితో సమేరియము–కోబాల్టు, 1980 దశకపు తొలినాళ్ళలో జపానులో సగావా, అమెరికాలో క్రోట్ విడివిడిగా చేసిన కృషితో నియోడిమియము–ఇనుము–బోరాను అయస్కాంతములు వచ్చినవి. ఈ చివరిది ఫెర్రైటుకంటె సుమారు పదిరెట్లు శక్తిమంతము. సెల్‌ఫోను స్పీకరు గోరంత అగుట దీనివలననే.

ఎల్‌.బి.నగర్‌కు సమీపమున, కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల సమేరియము–కోబాల్టు అయస్కాంతముల తయారీపై కృషి చేసినది. 2023 మే 11న విశాఖపట్నములో ఆ జాతి అయస్కాంతముల కర్మాగారమును జాతికి అంకితము చేసిరి.

నియోడిమియమునిచ్చు మోనజైటు ఆంధ్ర తీరపు ఇసుకలో ఉన్నది. అయినను మన మోటారులకు అయస్కాంతములు అధికముగా చైనానుండియే వచ్చుచున్నవి. లోహమును వేరుచేయుట ఒక ఎత్తు. దానిని కొద్ది మైక్రానుల పొడిగా నూరుట మరియొక ఎత్తు, ఏలయన ఆ పొడి గాలి తగిలిన అంటుకొనును. 2025 ఏప్రిలులో చైనా ఎగుమతులపై ఆంక్షలు విధింపగా వాహన పరిశ్రమ ఇబ్బంది పడినది. ఆ నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఏటా 6,000 టన్నుల అయస్కాంతముల తయారీ లక్ష్యముగా 7,280 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది.