తీగ తెగితే మోగే గంట

జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిని మా ఇంట్లో మిషన్ ఆసుపత్రి అనే అంటాం. 19వ శతాబ్దం చివర లండన్ మిషన్ వాళ్లు పెట్టింది. మా అవ్వ తాతల కాలంలో అక్కడ మంచం పక్కన అలారం అంటే మనిషే. మా తాతను చేర్పించినప్పుడు అవ్వ రాత్రంతా సెలైన్ సీసానే చూస్తా కూచుండేది. ధార ఆగిందంటే "సిస్టరమ్మా, బొట్టు పడటంల్యా" అంటూ వరండా చివరికి ఉరికేది.

నేను ప్రొద్దుటూరులో మానిటర్లు రిపేరు చేసే పనిలో దిగేసరికి ఆ కాపలా యంత్రానికి వచ్చింది. 1970లలో జపాన్ ఇంజినీరు తకువో అవొయాగి కనిపెట్టిన పద్ధతి మీద నడిచేదే పల్స్ ఆక్సీమీటరు. 1980లలో అమెరికాలోని నెల్‌కోర్ కంపెనీ దానికొక శ్రుతి పెట్టింది: రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ బీప్ కిందికి దిగుతుంది. మత్తు డాక్టరు తెర చూడనక్కర్లేదు, చెవి చాలు. ఇంత గొప్ప ఆలోచన మా పనిలో నాకు ఇంకోటి కనపడలేదు.

కానీ ఆ బీప్ తలుపు దాటదు. సిస్టర్ల బల్ల మూడు గదుల అవతల. అందుకే చాలా మానిటర్ల వెనక నర్స్ కాల్ అని చిన్న సాకెట్ ఉంటుంది, లోపల ఒక రిలే. నేను దాని ఎన్‌ఓ (మామూలప్పుడు విడిగా ఉండే) పాయింటు నుంచి రెండు తీగలు లాగి బల్ల మీద బజర్ పెట్టాను. అలారం వస్తే పాయింట్లు కలుస్తాయి, బజర్ మోగుతుంది.

ఒక నర్సింగ్ హోములో ఎలుకలు ఆ తీగ కొరికేశాయి. "అన్నా, రాత్రి నీ పెట్టె మోగనే లేదు" అని పొద్దున సిస్టర్ ఫోన్. పేషెంటు బతికాడు. ఆయన భార్య నిద్రపోకుండా కూచుని, మా అవ్వ మాదిరే ఉరికింది కాబట్టి.

ఎర్రగుంట్ల స్టేషన్లో సిగ్నల్ పని చేసే పెద్దాయనకు ఈ సంగతి చెబితే, తీగలో కరెంటు ఎప్పుడూ పారనీ, ఆగితే మోగనీ అన్నాడు. పట్టాల సిగ్నళ్లలో 1872 నాటి నుంచీ ఉన్న సూత్రమే అది. తీగలను ఎన్‌సీ (మామూలప్పుడు కలిసి ఉండే) పాయింటుకు మార్చి, కరెంటు ఆగితే మోగేలా బజర్ కట్టాను. అలారం వచ్చినా, ఎలుక కొరికినా, ఊడ్చేటప్పుడు ప్లగ్ ఊడినా ఇప్పుడు మోగుతుంది. కరెంటు పోయినా ఆగకుండా 12 వోల్టుల బ్యాటరీ పెట్టాను.

ఇప్పుడు నెట్‌వర్క్ కేబుల్ వచ్చింది, అన్ని పడకలూ ఒకే తెర మీద కనపడతాయి. అయినా కేబుల్ కూడా తీగే. సిస్టర్లూ, డ్యూటీ మారినప్పుడల్లా ఒకసారి దాన్ని పీకి చూడండి. మోగకపోతే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే మెకానిక్కును పిలవండి.