ఇంటిలోని మొక్కలు – వెలుఁగు, వేఁడిమి



చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములందు పెరడు గల యిండ్లు పెక్కు మాయమై, వాని తావుల అంతస్తుల మేడలు లేచినవి. పెరటిలోని మొక్క గదిలోనికి వచ్చినది. చిక్కడపల్లి వాఁడనగు నన్ను ఇరుగుపొరుగు వా రడుగు ప్రశ్న యొక్కటే: "నీరు పోయుచున్నను మొక్క యేల చచ్చుచున్నది?" దీనికి సమాధానము కొంత చరిత్రలో నున్నది.

ఆకు వెలుఁగులోనే ప్రాణవాయువును విడుచునని 1779లో ఇంగెన్‌హౌస్ అను శాస్త్రజ్ఞుఁడు ప్రయోగములచే నిరూపించెను. వెలుఁగే ఆకునకు అన్నము వండు నిప్పు. 1829లో లండను వైద్యుఁడగు నథానియల్ వార్డు మూఁతగల గాజుసీసాలో తడిమన్ను పోసి, అందొక పురుగుగూఁటి నుంచెను. ఆ మంటినుండి ఫెర్ను మొక్కయు, గడ్డియు మొలిచెను. నగరపు పొగకు వెలుపలఁ జచ్చుచుండిన ఫెర్నులు సీసాలో సుఖముగా బ్రదికెను. 1833లో అతఁడు గాజుపెట్టెలలో నోడమీఁదఁ బంపిన మొక్కలు సిడ్నీకి క్షేమముగాఁ జేరెను. తరువాత రాబర్టు ఫార్చ్యూను చీనా తేయాకు మొక్కలను హిమాలయ ప్రాంతములకుఁ బంపినదియు నిట్టి పెట్టెలలోనే.

వార్డు దేశమువారికి చలియు, చీఁకటియు శత్రువులు. డిసెంబరు మూఁడవవారమున మధ్యాహ్నసూర్యుఁడు లండనులో క్షితిజముపై 15 డిగ్రీలే లేచును. హైదరాబాదులో 49 డిగ్రీలు లేచును. కావున మొక్కను దక్షిణపు కిటికీకడ నుంచుఁడను వారి గ్రంథవాక్యము మనకు ఏఁడాది పొడవునఁ జెల్లదు. మే రెండవవారము మొదలు ఆగస్టు మొదటివారము వఱకు మనకు మధ్యాహ్నసూర్యుఁడు నడినెత్తికి ఉత్తరముగా నుండును. అప్పుడు దక్షిణపు కిటికీలోనికి నేరుటెండ రాదు, చల్లని వెలుఁగే వచ్చును. చలికాలమున నక్కడనే యెండ గది లోపలి వఱకుఁ బ్రాఁకును. పడమటి కిటికీ వేసవిలో మిక్కిలి కఠినమైనది. 1966 జూనులో ఈ నగరమున వేఁడిమి 45.5 డిగ్రీలకుఁ జేరెను.

వెలుఁగును గొలుచుటకు యంత్ర మక్కఱలేదు. మధ్యాహ్నమున కుండీపైఁ జేయి చాఁపుఁడు. నీడ స్పష్టముగాఁ బడినచో వెలుఁగు మెండు. మసకగాఁ బడినచో మధ్యమము. పడనిచో మనీప్లాంటు వంటివి మాత్రమే యోర్చుకొనును. కాడ సన్నగా సాగి కిటికీవైపు వంగుట ఆఁకలికి గుర్తు. ఆకుపైఁ దెల్లని మచ్చలు కాలినదానికి గుర్తు.

తులసి ఎండకుఁ బుట్టిన మొక్క. అది గదిలో ఆకులు రాల్చినప్పుడు కీడు శంకించి కలఁతపడు నిండ్లను నే నెఱుఁగుదును. ఆ తల్లి కోరునది ప్రొద్దుటి యెండ నాలుగైదు గంటలే. తూర్పు బాల్కనీకి మార్చి చూడుఁడు.

వేసవిలో మట్టికుండీలు మేలు. కూజావలెనే వాని గోడలనుండి నీ రావిరియై చల్లదన మిచ్చును. కుండీలను గుంపుగాఁ జేర్చి, కాలిన సిమెంటు నేలకుఁ దగులకుండ పలకపై నుంచుఁడు. పడమటివైపు తడిపిన వట్టివేళ్ల తడక వ్రేలాడఁగట్టుఁడు. ఏసీ గాలి నేరుగా సోఁకనీయకుఁడు. నీరు తెల్లవాఱఁగనే పోయుఁడు.

శీతదేశపు గాజుపెట్టె వెచ్చదనమును దాఁచుకొనెను; మన యింటి తడక వేఁడిమిని మరలించును. రెండును ఒకే విద్య. ఏ దేశపు సూర్యుని క్రింద నున్నామో యెఱిఁగి, ఆ సూర్యునిఁ బట్టి కుండీని జరుపుటయే దాని సారము.